హెర్మీస్ కర్రకూ ఆసుపత్రికీ సంబంధం లేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

కిందటి ఆదివారానికి ముందు ఆదివారం, మీ పిల్లల పేజీలో ప్రపంచ పురాణాల్లో వేగానికి పేరుపడ్డ దేవుళ్ల గురించి అరపేజీ వేశారు. మీరే సవరణ వేస్తారని ఆగాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

గ్రీకుల హెర్మీస్ చేతి కర్ర వైద్యానికి గుర్తట. కాదండీ! రెండు పాములు చుట్టుకుని పైన రెక్కలున్న ఆ కర్ర దేవతల వార్తాహరుడిది. ఆయన వర్తకులకూ బాటసారులకూ, చివరికి దొంగలకూ దేవుడు. పుట్టిన రోజే అపోలో ఆవుల్ని తోలుకుపోయిన ఘనుడు. చనిపోయినవాళ్ల ఆత్మల్ని పాతాళంలో దిగబెట్టే డ్యూటీ కూడా ఆయనదే. వైద్యం చూసే దేవుడు అస్క్లీపియస్. ఆయన కర్రకు ఒకటే పాము, రెక్కలుండవు. 1902లో అమెరికా సైన్యపు వైద్య విభాగం హెర్మీస్ కర్రను గుర్తుగా పెట్టుకున్నాక ఈ గందరగోళం ముదిరింది. మందుల షాపు నడుపుకునే నాకు తెలిసింది మీ డెస్కులో ఒక్కరికీ తెలియదా? మా ఊళ్లో ఒక ఆసుపత్రి గేటు మీదా రెండు పాములే. అక్కడి బిల్లులు చూశాక దొంగల దేవుడి గుర్తు సరైన చోటే ఉందనిపించింది, అది వేరే సంగతి.

ఉత్తర ఐరోపావాళ్ల నార్స్ పురాణాల్లో పెద్ద దేవుడైన ఓడిన్ గుర్రం స్లెయిప్నిర్‌కు ఆరు కాళ్లని రాసి, బొమ్మలో నాలుగే గీశారు. ఉన్నవి ఎనిమిది.

హనుమంతుడికి ఒకే ఒక్క వాక్యం! మనోజవం, మారుతతుల్యవేగం అని రోజూ చదువుకునే జనానికి. గాలికన్నా వేగమైనదేది అని యక్షుడు అడిగితే మనసు అన్నాడు ధర్మరాజు. అటు నార్స్ కథలో ఉరుముల దేవుడు థోర్ వెంట వచ్చిన థ్యాల్ఫి, హూగి అనే కుర్రాడితో పరుగు పందెం వేసి మూడుసార్లూ ఓడిపోతాడు. తీరా చూస్తే ఆ హూగి, రాక్షసుల కోట ఉత్‌గార్డ్ రాజుగారి ఆలోచనే, కుర్రాడి రూపంలో. ఇలాంటివి కదా పిల్లలకు చెప్పాల్సింది!

మన కుమారస్వామి సంగతీ అంతే. వినాయకుడు అమ్మానాన్నల చుట్టూ తిరిగి గెలిస్తే, నెమలెక్కి లోకమంతా చుట్టొచ్చి ఓడిపోయాడు పాపం. ఆ స్కందుడే బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరి ఇదాతెన్ అయ్యాడు. బుద్ధుడి ధాతువును, అంటే పవిత్ర శరీరావశేషాన్ని, ఎత్తుకుపోతున్న దయ్యాన్ని తరిమి పట్టుకున్నాడని అక్కడ కథ. జోరుగా పరిగెత్తేవాణ్ణి ఇప్పటికీ ఆయనతోనే పోలుస్తారు. దీనికి మీ దగ్గర చోటు లేదు. పేజీలో మిగతా సగం కోచింగ్ సెంటర్ ప్రకటనకు పోయింది మరి.

పోనీ పిల్లలు లైబ్రరీలో చదువుకుంటారా అంటే, ఇంటి పన్నుతో గ్రంథాలయ సెస్సు ముక్కుపిండి వసూలు చేస్తారు గానీ, మా శాఖా గ్రంథాలయంలో పిల్లల బీరువాకు ఎప్పుడూ తాళమే. అడిగితే ‘అంతా ఫోన్లో ఉంది కదండీ’ అంటాడు అక్కడి ఉద్యోగి. ఆ ఫోన్లో చూసే మీవాళ్లు ఆరు కాళ్ల గుర్రాన్ని పుట్టించినట్టున్నారు.

సవరణ వేస్తే దయచేసి పిల్లల పేజీలోనే వేయండి. టెండర్ నోటీసుల కింద వేస్తే వాళ్లు చూడరు.

– ఒక పాఠకుడు, తెనాలి