దిద్దినవారి జాడ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి నెట్‌లో పెట్టడం మంచి పనే. కానీ ప్రభుత్వం పాత పుస్తకాలను స్కాన్ చేయించిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా రోజుల నుంచీ పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో తోచినట్టు ఎక్కించారు. దాంతో ఉన్న పుస్తకం కూడా వెతికితే దొరకదు. వీటిని సరిదిద్దే ఓపిక పాఠకులకు ఉంది. వాళ్లను రానివ్వాలి. అయితే ఎవరు ఏం మార్చారో తెలియకుండా మాత్రం కాదు.

నా భయం అచ్చుతప్పుల గురించి కాదు, అతి తెలివి దిద్దుబాట్ల గురించి. నిజాం కాలపు రాతల్లో 'అవ్వల్ తాలూక్‌దారు' అని ఉంటుంది. జిల్లా కలెక్టరు హోదా అది. ఈ కాలం కుర్రవాడు దాన్ని తప్పనుకుని 'తాలూకా అధికారి' అని మారిస్తే జిల్లా అధికారి కాస్తా తాలూకాకు దిగిపోతాడు. 1922లో ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు నడిపిన తెనుగు పత్రిక లాంటి వాటిని ఎక్కించేటప్పుడు మన ప్రాంతపు మాటలను పాఠ్యపుస్తకాల భాషలోకి 'బాగుచేసే' వాళ్లూ తయారవుతారు. మేలు చేస్తున్నామనే అనుకుంటారు పాపం!

పాఠకులే పాత పుస్తకాలను టైపు చేసి దిద్దే నెట్ గ్రంథాలయం తెలుగు వికీసోర్స్‌లో దీనికి ఒక పద్ధతి ఉంది. స్కాన్ బొమ్మ పక్కనే టైపు చేసిన పాఠం కనిపిస్తుంది. ఒకరు దిద్దిన పుటను ఇంకొకరు చూసి ఆమోదించాలి, దిద్దినవారే ఆమోదించుకోవడం కుదరదు. ప్రతి మార్పూ తేదీతో సహా చరిత్రలో నిలుస్తుంది, వద్దనుకుంటే వెనక్కి తిప్పవచ్చు. ప్రభుత్వ గ్రంథాలయాల డిజిటల్ సేకరణలకూ ఇదే నియమం పెట్టాలి. కాపీరైటు వల్ల పుస్తకం తీసేస్తే (మన చట్టంలో రచయిత మరణానంతరం 60 ఏళ్ల గడువు ఉంది) కేటలాగులో పేరు, తీసేసిన కారణం ఉంచాలి. మాయం చేస్తే ఎలా?

ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. అందులోంచి జిల్లాకు ఒక్కరినైనా ఈ పనికి పెట్టి, పంపిన దిద్దుబాటును ఒప్పుకున్నారో లేదో, ఎందుకో పాఠకుడికి జవాబివ్వాలి. పాత లిపి, పాత వ్యవహారం తెలిసిన పెద్దలు ఓరుగల్లులో ఇంకా ఉన్నారు. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం 1904లో వెలిసింది కూడా జనం పూనికతోనే. ముందుగా వరంగల్, హనుమకొండ జిల్లాల పుస్తకాలతో ఈ పని మొదలుపెట్టాలని గ్రంథాలయ సంస్థలను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, హనుమకొండ