అక్షింతల పురుగు పిల్ల బొమ్మ కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ సాగు పేజీలో పచ్చగడ్డికి పట్టి రసం పీల్చే సన్న పురుగు పేనుబంక మీద పట్టిక వేశారు. మందు పేరు, లీటరు నీటికి ఎంత, ఎప్పుడు కొట్టాలి అని మూడు గళ్లున్నాయి. కొట్టాక ఎన్నాళ్లకు ఆ గడ్డి ఆవుకు వేయవచ్చో చెప్పే గడి మాత్రం లేదు. పత్తికి వేసే పట్టికనే గడ్డికీ వేసినట్టుంది. మేం గడ్డిని గోదాములో దాచుకోం కదండీ. పొద్దున కోసింది పొద్దున్నే గాటిలో పడుతుంది. పాలలోకి దిగే మందులూ ఉన్నాయి.

మాది హొసకోటె పక్క పల్లె. నేను మదనపల్లెలో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యాక, మా ఆయన సొంతూరని ఇక్కడికొచ్చి మూడు ఆవులు పెట్టుకున్నాం. పదహారు గుంటల్లో సగం లూసర్న్ అనే పశుగ్రాసం, ఇక్కడ కుదురె మసాలె అంటారు. మిగతాది ఆఫ్రికన్ టాల్ మొక్కజొన్న, గట్ల మీద అలసంద.

పోయినేడాది ఫిబ్రవరిలో లూసర్న్ చిగుళ్లు ముడుచుకున్నాయి. ఆకు పట్టుకుంటే వేళ్లకు బంక. కాడల మీద చీమల బారు. గడ్డి కోసే ఆమె నన్ను పిలిచి, "హుళ బందిదె అమ్మా" (పురుగొచ్చిందమ్మా) అని ఒక కొమ్మ చూపించింది. పేనుబంక గుంపు మధ్యలో నల్లగా, వీపు మీద నారింజ రంగు మచ్చలతో, చిన్న మొసలిలా ఏదో పాకుతోంది. ఇదే చిగుళ్లు తినేస్తోందనుకున్నాం. ఆ పూటంతా ఇద్దరం కూర్చుని కనబడినదాన్నల్లా నలిపేశాం. సాయంత్రం మా ఆయన అంగట్లో ఇచ్చిన మందు తెచ్చి కొట్టారు. మూడు రోజులాగితే చాలన్నాడట అంగడివాడు. సీసా మీది కాగితంలో పశుగ్రాసం మాటే లేదు. నాకు టెన్షన్ పట్టుకుని ఆ కోత మొత్తం కోసి పారబోయించాను. పది రోజులు గడ్డి కొన్నాం.

తర్వాతి పిలక జానెడు లేచేసరికి పేనుబంక మళ్లీ వచ్చింది, ముందటికంటే ఎక్కువగా. దానికి మగదాని అవసరం లేదు, గుడ్డు పెట్టే పనీ లేదు. ఆడదే నేరుగా పిల్లల్ని పెడుతుంది, ఆ పిల్లలు వారం పది రోజుల్లో తల్లులవుతాయి. దాన్ని తినేవి అంత తొందరగా పెరగవు. మందుకు రెండూ పోయాయి, తిరిగి లేచింది మాత్రం ఒకటే.

ఆ మొసలి పిల్ల అక్షింతల పురుగు పిల్ల అని నాకు తర్వాత తెలిసింది. ముప్పై ఏళ్లు పిల్లలకు రూపవిక్రియ పాఠం చెప్పినదాన్ని, సీతాకోకచిలుక బొమ్మ కళ్లు మూసుకుని బోర్డు మీద వేయగలను, దీన్ని మాత్రం గుర్తుపట్టలేకపోయాను! ఎర్రగా గుండ్రంగా ఉండే పెద్ద పురుగు బొమ్మ అందరూ వేస్తారు. దాన్ని ఎవరూ చంపరు కూడా, ముద్దుగా ఉంటుంది కాబట్టి. చావు వచ్చేది పిల్లకే. పెరిగేలోపు అదొక్కటే వందల పేనుబంకల్ని తింటుంది.

ఈ ఏడు మందు కొట్టలేదు. లూసర్న్‌ను ఒకేసారి నున్నగా కోయకుండా బారులుగా చేసి, ఒక బారు ఈ వారం, పక్క బారు పై వారం కోయిస్తున్నాను. కోసిన చోటి పురుగులు పక్కకు జరుగుతాయి. మొక్కజొన్న సుడిలో కనిపించే పేనుబంకను చూసి మా ఆయన కంగారు పడ్డారు కానీ, అది లూసర్న్ జోలికి రాదు. దాన్ని తిని బలిసిన అక్షింతల పురుగులు మాత్రం వస్తాయి. అలసంద సంగతి వేరు, దాని నల్ల పేనుబంక లూసర్న్‌కూ పడుతుంది. అందుకే బాగా పట్టిన తీగల్ని పీకి పారేశాను. పక్కన నాలుగు మళ్ల కొత్తిమీర పూతకు వదిలేశాను. సిర్ఫిడ్ ఈగలు ఆ పూల మీద వాలతాయి, వాటి కాళ్లులేని పిల్లలు పేనుబంకను పీల్చేస్తాయి. ఉబ్బి, గోధుమరంగుకు తిరిగి, కదలకుండా అతుక్కుపోయిన పేనుబంకలు కనిపిస్తే వాటినీ ముట్టుకోవద్దు. లోపల సన్న కందిరీగ పిల్ల ఉంటుంది. అది బయటికి పోయాక వీపు మీద గుండ్రటి చిల్లు మిగులుతుంది.

అన్నిసార్లూ ఇవే గెలుస్తాయని చెప్పను. లేత చేలో పేనుబంక ముందొచ్చి ఇవి వెనకొస్తాయి. జనవరిలో ఒక మడి అలాగే ముడుచుకుపోతే రోజులు నిండకముందే కోసి ఆవులకు వేశాను. గడ్డి పంటకు ఉన్న సుఖం అది, కొడవలే మందు.

ఇవన్నీ పెరటి ముచ్చట్లని కొట్టేయకండి. 2002లో మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటక చెరకు తోటల్ని తెల్ల పేనుబంక కమ్మేసినప్పుడు దాన్ని అణచడంలో డైఫా అనే ఒక గొంగళి పురుగుది, మైక్రోమస్ అనే అల్లిక రెక్కల పురుగుది పెద్ద చెయ్యి. గొంగళి పురుగు ఆకు మానేసి మాంసం తినడం నాకూ వింతే. ఇలాంటి పురుగుల మీద పనిచేసే జాతీయ సంస్థ మన బెంగళూరు హెబ్బాళలోనే ఉంది. మీ విలేకరిని ఒకసారి అక్కడికి పంపండి.

ఈసారి పట్టిక వేసేటప్పుడు నాలుగో గడి పెట్టండి. పక్కనే ఆ పిల్ల పురుగు ఫొటో వేయండి, రంగుల్లో. మా మనవడు ఫోన్లో తీసినవి నాలుగు జత చేస్తున్నాను. మూడో దాంట్లో కనిపించే వేలు నాదే, పురుగు ఎంత ఉంటుందో తెలుస్తుందని పెట్టాను.

– ఒక పాఠకురాలు, హొసకోటె, బెంగళూరు