ఆన్సర్ ఒక్కటే వేస్తే ఎలాగండీ, ఎందుకో కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పజిల్స్ నేను ఏళ్ల తరబడి వదలకుండా చేస్తున్నా, ఆ ప్రేమతోనే రాస్తున్నానండి, తిట్టడానికి కాదు. మొన్న సాక్సుల పజిల్ వేశారు కదా, చీకటి గదిలో సొరుగులో 10 నల్లవి 10 తెల్లవి కలగాపులగంగా ఉన్నాయి, కనీసం ఎన్ని తీస్తే కచ్చితంగా ఒక జత దొరుకుతుంది అని. తర్వాతి వారం ఆన్సర్ 11 అని వేసి ఊరుకున్నారు. మా ఇంట్లో దీని మీద పెద్ద రచ్చే అయింది. మా అమ్మాయి 3 అంది, మా బావమరిదేమో పేపర్లో వేశాక తప్పెలా అవుతుంది అని 11కే పట్టుబట్టి కూర్చున్నాడు.

అమ్మాయిదే కరెక్ట్. ఉన్నవి రెండే రంగులు, మన గ్రహచారం ఎంత బాలేకపోయినా మొదటి రెండూ ఒకటి నల్లది ఒకటి తెల్లది వస్తాయి అంతే కదా, ఇక మూడోది ఏది వచ్చినా ఆ రెండిట్లో ఒకదానికి జత అయి తీరాల్సిందే. 11 అన్నది వేరే ప్రశ్నకి ఆన్సరు. రెండు రంగులూ చేతికి రావాలంటే ఎన్ని తీయాలి అని అడిగితే అప్పుడు 11, ఎందుకంటే ఖర్మ కాలితే వరసగా పదీ నల్లవే రావచ్చు. నల్ల జతే కావాలి అంటే 12, ముందు పది తెల్లవి వచ్చేసి ఆ తర్వాత రెండు. అదే సొరుగు, ప్రశ్న కొంచెం మారిస్తే ఆన్సర్ మొత్తం మారిపోతోంది.

అసలు తికమకంతా "కనీసం", "కచ్చితంగా" అన్న రెండు మాటల దగ్గరే వస్తోందని నా అనుమానం. కనీసం అనగానే మనసు అదృష్టం వైపు పోతుంది, రెండు తీస్తే రెండూ నల్లవే రావచ్చుగా అని. కచ్చితంగా అన్న మాట ఏమో అదృష్టాన్ని లెక్కలోకే తీసుకోవద్దు అంటుంది. మీవాళ్లు ఒక్కోసారి ఆ రెండో మాట మర్చిపోతుంటారు, అప్పుడు పజిల్‌కి అర్థమే ఉండదు.

ఈ జత సంగతి వెనక ఉన్న రూల్‌ని పావురాల గూళ్ల సూత్రం అంటారు, గూళ్ల కన్నా పావురాలు ఎక్కువైతే ఏదో ఒక గూట్లో రెండు దూరక తప్పదు. జర్మన్ గణితవేత్త డిరిక్లె పేరు మీద చెప్తుంటారు దీన్ని, విచిత్రం ఏంటంటే ఆ భాషలో దాని పేరు సొరుగుల సూత్రమే. 367 మందిని ఒకచోట చేరిస్తే ఇద్దరి పుట్టినరోజు కచ్చితంగా కలవాలి, ఫిబ్రవరి 29తో కలిపి ఉన్నవి 366 రోజులేగా. అదే సగానికి కొంచెం పైన ఛాన్స్ ఉంటే చాలు అనుకుంటే 23 మంది సరిపోతారు. కచ్చితానికీ ఛాన్స్‌కీ అంత దూరం ఉందండి!

త్రాసు పజిల్ కూడా ఇంతే. 9 నాణేల్లో ఒకటి బరువెక్కువ, కనీసం ఎన్నిసార్లు తూస్తే దాన్ని కచ్చితంగా పట్టుకోవచ్చు అని. మా బావమరిది నాలుగూ నాలుగూ పెట్టాడు, సమానంగా నిలిచింది, మిగిలిందే బరువుది, ఒక్కసారికే అయిపోయింది అని చంకలు గుద్దుకున్నాడు. అది లక్ బాబూ. ఒక పక్కకి ఒరిగి ఉంటే ఆ నాలుగింటితో ఇంకో రెండుసార్లు తూచాల్సి వచ్చేది. మూడేసి చొప్పున పెడితే ఎటు ఒరిగినా ఒరగకపోయినా రెండోసారికి దొరికిపోతుంది.

నాకు బాగా నచ్చేది గుడ్ల పజిల్. 100 అంతస్తుల బిల్డింగ్, చేతిలో ఒకేలాంటి గుడ్లు రెండే, ఏ అంతస్తు నుంచి వేస్తే పగలడం మొదలవుతుందో కచ్చితంగా కనిపెట్టడానికి కనీసం ఎన్నిసార్లు వేయాలి అని. ఒక్కో అంతస్తే ఎక్కుతూ పోతే 100 సార్లు దాకా పట్టొచ్చు. చాలామంది 10, 20, 30 అని పోతారు, తెలివైన పనే కానీ గుడ్డు చివరికి 100 దగ్గర పగిలితే అప్పటికే 10 సార్లు అయిపోయాయి, మిగిలింది ఒక్క గుడ్డే కాబట్టి ఇంక 91 నుంచి 99 దాకా ఒక్కొక్కటే చూడాలి, మొత్తం 19. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ముందే పగిలితే తక్కువలో తేలిపోతోంది, ఆలస్యంగా పగిలితే దెబ్బ తింటున్నాం. అందుకని పైకి పోయేకొద్దీ గెంతు తగ్గించుకుంటూ రావాలి. మొదట 14వ అంతస్తు, పగిలితే కింద 13 చూడాలి, మొత్తం 14. పగలకపోతే ఒక ఛాన్స్ వాడేశాం కాబట్టి ఈసారి 13 అంతస్తులే గెంతి 27, తర్వాత 39, ఆ తర్వాత 50, అలా. ఎక్కడ పగిలినా 14 దాటదు. 13తో మొదలుపెడితే ఎందుకు కాదంటే 13+12+11 అలా 1 దాకా కూడితే 91 అంతస్తులే అందుతాయి, 14 నుంచి కూడితే 105 వస్తుంది. ఇదంతా లేకుండా కింద తలకిందులుగా "14" అని వేస్తే పిల్లలకి ఏం అర్థమవుతుంది చెప్పండి, బట్టీ పట్టడం తప్ప.

నేను అడిగేది ఒకటే. ఆన్సర్ పక్కన రెండు లైన్లు వేయండి, ఇంతకన్నా తక్కువ ఎందుకు చాలదు, ఇన్ని అయితే ఎందుకు సరిపోతాయి అని, రెండూ ఉండాలి. ఆ అలవాటు ఉండుంటే 11 అనే తప్పు ప్రింట్ అయ్యే ముందే మీకే తెలిసిపోయేది. సాక్సుల బదులు గ్లోవ్స్ వేసి చూడండి ఈసారి, నల్లవి 10 జతలు తెల్లవి 10 జతలు, కుడి ఎడమ తేడా ఉంటుంది కాబట్టి 3 అన్నవాళ్లు దొరికిపోతారు. ఆన్సర్ 21, ఎందుకో మీవాళ్లనే రాయమనండి.

ఇంకో మాట, స్థలం చాలకపోతే పుట్టినరోజుల సంగతి తీసేయండి కానీ గుడ్ల పేరా మాత్రం కట్ చేయకండి, మా బావమరిది అది పేపర్లో చూస్తేగానీ నమ్మడు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు