మబ్బుల కోసం ఆగినవాడు

చిన్నా,

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి బీపీ మందు డోసు తగ్గించారు. పెరట్లో పనస విరగకాసింది. నువ్వు ఫోన్ చేసి 22 రోజులైంది. పని ఎక్కువై ఉంటుందిలే, అందుకోసం రాయడం లేదు.

మొన్న బుజ్జి ‘వింగ్స్’ అనే 1927 నాటి మూకీ సినిమా పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపిన కుర్రాళ్ల కథ. 1929లో మొట్టమొదటిసారి ఆస్కార్‌లు ఇచ్చినప్పుడు ఉత్తమ చిత్రం బహుమతి దీనికే వచ్చిందట. తీసింది అక్కడ అమెరికాలో, మీ ఆస్టిన్‌కి దగ్గర్లోనే, శాన్ ఆంటోనియోలో. శనాదివారాల్లో నువ్వూ అటే వెళ్తున్నావని సత్యం మావయ్య అన్నాడు. విమానం నడపడం నేర్పే చోటికట. సరే, అది తర్వాత.

ఆ డైరెక్టర్ విలియం వెల్‌మన్ స్వయంగా ఆ యుద్ధంలో ఫ్రాన్స్‌లో విమానం నడిపినవాడు. అందుకే మబ్బు పట్టనిదే గాల్లో సీన్లు తీయనన్నాడు. ఖాళీ ఆకాశంలో విమానం ఎంత జోరుగా పోయినా చూసేవాళ్లకి కదలనట్టే ఉంటుంది. వెనకాల మబ్బుంటేనే వేగం తెలుస్తుంది. సైన్యం ఇచ్చిన విమానాలూ మనుషులూ అంతా సిద్ధం. అయినా రోజుల తరబడి పైకి చూస్తూ కూర్చున్నారు. ఖర్చు పెరిగిపోతోందని స్టూడియో వాళ్లు గోల పెట్టినా అతను కదల్లేదు. మబ్బులొచ్చాకే తీశాడు. ఆగడం తెలియాలి నాన్నా. నీ చదువుకి తీసుకున్న అప్పు ఇంకా సగం ఉంది, ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు. నేర్చుకోవద్దని అనను. ఒక్కమాట చెప్పి నేర్చుకోవచ్చుగా?

హీరో బడ్డీ రోజర్స్‌కి ముందు విమానం నడపడం రాదట, షూటింగ్ కోసమే నేర్చుకున్నాడు. కెమెరాని విమానానికే బిగించేవారు. అసలు పైలట్ కనపడకుండా వంగిపోతే ఇతనే నడపాలి, ఇతనే మీట నొక్కి కెమెరా తిప్పుకోవాలి, ఆపైన నటించాలి. ఆ దగ్గర షాట్లలో మొహానికి గాలి కొడుతుంటే కళ్లు చికిలించడం నిజం. అచ్చం నువ్వు నాన్నగారి స్కూటర్ ముందు నిలబడి చికిలించినట్టే. సినిమాల కోసం విమానాలు కావాలని కూలగొట్టే డిక్ గ్రేస్ అనే అతనికి ఇందులోనే మెడ విరిగింది. బతికాడు. బుజ్జి అది చెప్పాక నాకు నిద్ర పట్టలేదు.

కథలో డేవిడ్ అనే అబ్బాయి చిన్నప్పటి బుల్లి ఎలుగుబంటి బొమ్మ వెంట పెట్టుకుని యుద్ధానికి వెళ్తాడు. ఆఖరిసారి ఎగిరేటప్పుడు అది వెనకే ఉండిపోతుంది. శత్రువుల విమానం ఎత్తుకుని తిరిగి వస్తుంటే, స్నేహితుడే గుర్తుపట్టక కాల్చేస్తాడు. చివరికి ఆ స్నేహితుడు బొమ్మ పట్టుకుని వాళ్లమ్మ దగ్గరికి వస్తాడు. మాటలు లేని సినిమా కదా, ఆవిడ మొహమే చూస్తూ ఉండిపోయాను. నాన్నగారు లేచి మంచినీళ్లు తెచ్చారు.

నీ పర్సులో నేను పెట్టిన అప్పన్న ఫొటో ఉందా? పర్సు మార్చినప్పుడు తీసి ఎక్కడైనా పెట్టేశావా?

పైన చలిగా ఉంటుందట. మావయ్య వాళ్లబ్బాయి వచ్చే నెల వస్తున్నాడు, మందపాటి స్వెటరూ, కందిపొడీ ఇచ్చి పంపుతున్నాను. నేర్పే ఆయన ఎన్నేళ్లుగా నడుపుతున్నారో అడిగి నాకు చెప్పు. నాన్నగారికి మాత్రం నేనింకా ఏమీ చెప్పలేదు. ఆదివారం ఎగిరి దిగగానే ఫోన్ చెయ్యి, ఇక్కడ అర్ధరాత్రి అయినా సరే.

అమ్మ