చిన్న శకలాల ముప్పునూ లెక్కలోకి తీసుకోవాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన ప్రతిసారీ అంతరిక్ష వ్యర్థాల ప్రస్తావన పత్రికల్లో వస్తోంది. అయితే అదంతా రాడార్‌కు చిక్కే పెద్ద శకలాల గురించే. 2023 జులైలో పీఎస్ఎల్వీ-సీ56 ప్రయోగాన్ని ఒక నిమిషం వాయిదా వేసింది అటువంటి వాటిని తప్పించడానికే. మిల్లీమీటరు నుంచి సెంటీమీటరు వరకు ఉండే ముక్కలు భూమి చుట్టూ 13 కోట్లకు పైగా తిరుగుతున్నాయని ఐరోపా అంతరిక్ష సంస్థ అంచనా. వాటి జాడ పట్టి, ముందుగా పక్కకు తప్పుకోవడం సాధ్యం కాదు.

ఇవి తగిలితే చిల్లు పడటంతోనే నష్టం ఆగదు. సెకనుకు పది కిలోమీటర్ల వేగంతో రేణువు ఢీకొన్నప్పుడు రేణువూ, అది తగిలిన చోటి లోహమూ కొంత ఆవిరైపోయి, ఆ ఆవిరిలో కొంత భాగం ప్లాస్మాగా, అంటే విద్యుదావేశం గల కణాల వాయువుగా మారుతుంది. రెప్పపాటుకన్నా ఎంతో తక్కువ వ్యవధిలో వ్యాపించే ఆ ప్లాస్మా రేడియో తరంగాలను వెలువరించగలదు. అప్పటికే విద్యుదావేశం పేరుకొని ఉన్న సౌర ఫలకాల మీద షార్ట్ సర్క్యూట్‌కు దారితీయగలదు. వేగం రెట్టింపైతే పుట్టే విద్యుదావేశం సుమారు పది రెట్లవుతుంది కనుక, వ్యర్థాలకన్నా వేగంగా వచ్చే ఉల్కా రేణువులు మరీ ప్రమాదకరం. 1993 ఆగస్టులో పెర్సీడ్ ఉల్కాపాతం వేళ ఒలింపస్ ఉపగ్రహం అదుపు తప్పడానికి ఇదే కారణమై ఉంటుందన్న అనుమానం నేటికీ ఉంది. 2016 ఆగస్టు 23న సెంటినెల్-1ఏ అనే ఐరోపా ఉపగ్రహపు సౌర ఫలకానికి కొన్ని మిల్లీమీటర్ల రేణువు తగిలితే దాదాపు 40 సెంటీమీటర్ల మేర దెబ్బతిన్నది. ఫలకాలు సరిగా విచ్చుకున్నాయో లేదో చూసేందుకు అమర్చిన కెమెరా ఉండబట్టి ఆ మచ్చ కనబడింది గాని, లేకుంటే విద్యుత్తు కాస్త తగ్గిందన్న అంకె ఒక్కటే మిగిలేది.

జువ్వలదిన్నె, కొత్తపట్నం తీరాల మత్స్యకారులకు చేపలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే సూచనలకు ఓషన్‌శాట్ వంటి ఉపగ్రహాలే ఆధారం. అవి మూగబోతే వేటకు వెళ్లేవారికి కలిగే నష్టం చిన్నది కాదు.

2030 నాటికి కొత్త వ్యర్థాలు మిగలని ప్రయోగాలే చేయాలన్న ఇస్రో సంకల్పం ఎంతో మెచ్చదగినది. కానీ ఇప్పటికే పైనున్న రేణువుల సంగతి కూడా చూడాలి కదా! అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనాలయం రూపొందించిన డెక్స్ అనే ధూళి పరికరం 2024 జనవరి 1న పీఎస్ఎల్వీ-సీ58తో కక్ష్యకు వెళ్లి, ఇటువంటి వేగవంతమైన తాకిడులను గుర్తించే సామర్థ్యం మనకుందని చూపింది. ఆ తరహా చిన్న పరికరాన్ని మన ముఖ్య ఉపగ్రహాలన్నింటిలో అమర్చాలనీ, ఉపగ్రహంలో విద్యుత్ లోపం తలెత్తినప్పుడు రేణువుల తాకిడిని కూడా పరిశీలించి, ఆ నివేదికను ప్రజల ముందుంచాలనీ కోరుతున్నాను. తదుపరి ప్రయోగం సందర్భంగా మీ విలేకరులు శాస్త్రవేత్తలను ఈ విషయం అడగాలని నా విన్నపం.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
కావలి, నెల్లూరు జిల్లా