పాపకు, అమ్మ రాసేది

పాపా,

ఇక్కడ అందరం బాగున్నాం. నాయనకు షుగర్ కంట్రోల్లోనే ఉంది, బెల్లం డబ్బా దాచేశాను. నువ్వు ఫోన్ చేసి మూడు వారాలైంది. వాట్సాప్‌లో "ఓకే అమ్మా" అని పెడితే నాకు సరిపోదు. పని ఎక్కువై ఉంటుందిలే.

బుజ్జమ్మ కొడుకు పెళ్లికి ఒంగోలు వెళ్లొచ్చాం. పంక్తిలో అందరూ వింటుండగా మీ పెద్దమ్మ, "పాప వాళ్లు పిల్లలు వద్దనుకున్నారంట గదా" అనింది. నాకు ముద్ద దిగలేదు. నిజమా కాదా అని నేను అడగను.

మా సెంటర్ సంగతి చెప్తాను. అంగన్‌వాడీలో చేరిన కొత్తల్లో నలభై మందికి పళ్లేలు చాలక రెండు విడతలుగా వడ్డించేదాన్ని. ఇప్పుడు పదకొండు మంది. మిగిలిన పళ్లేలు బీరువా మీద బోర్లించి ఉంటాయి. శనివారం దించి, దుమ్ము తుడిచి మళ్లీ అక్కడే పెడతాను. కొందరు కాన్వెంటుకు పోతున్నారు, నిజమే. కానీ నా సర్వే పుస్తకంలోనే పుట్టినవాళ్ల పేర్లు తగ్గిపోయాయి.

నాయన పేపర్ చదివి వినిపించాడు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో ఆడమనిషికి సగటున 1.7 మంది పిల్లలేనంట. జనం తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. దక్షిణ కొరియాలో 2023లో 0.72కి పడిపోయింది. ప్రపంచ జనాభా 2080ల్లో 1030 కోట్ల దాకా పోయి, ఆ తర్వాత తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా. రేపు పొలం చేసేదెవరు, ముసలివాళ్లను చూసేదెవరు? నువ్వు కూడా ఆలోచించాలి, ముప్పై దాటాక ఒళ్లు... సరే, ఇది రాయకూడదనుకున్నాను.

నువ్వు పుట్టిన నెలకే నాకు క్యాంపులో ఆపరేషన్ చేయించారు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. ఇద్దరు చాలని గోడల మీద రాసిన రోజులు. ఆ తర్వాత ఇద్దరిని మించితే సర్పంచిగా నిలబడే వీల్లేదన్నారు, 2024లో ఆ రూలు తీసేశారు. అప్పుడు ఆపమన్నారు, ఇప్పుడు కనమంటున్నారు. నీకేం కావాలని నన్నెవరూ అడగలేదు. మీ నాయనమ్మ సరేనంది, అయిపోయింది.

ఈసారి రొట్టెల పండగకు నెల్లూరు పోయాను. నాయనకు బ్యాంకు పనని చెప్పాను. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో, కొంగు తలమీద కప్పుకొని నిలబడ్డాను. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె అని ఒకటే కేకలు. సంతానం రొట్టె ఎవరి దగ్గరుందని అడుక్కుంటూ పోయాను. ఉదయగిరి వైపు అమ్మాయి, చంకలో ఏడాది బిడ్డ. "రెండేళ్ల కింద ఇక్కడే తీసుకున్నానక్కా, వీడు పుట్టాడు" అని రొట్టె చాపింది. బిడ్డ దాని అంచు పట్టుకొని లాగుతున్నాడు. నేనూ చెయ్యి చాపాను. చాపి ఆగిపోయాను. నీకు కావాలో వద్దో తెలియకుండా నీ పేరున ఎట్లా తీసుకునేది? నన్నెవరూ అడగలేదని ఇన్నేళ్లు బాధపడినదాన్ని, నీకు నేను చేసేదీ అదే అయింది కదా! ఆ అమ్మాయి బిత్తరపోయి చూసింది. చివరికి పక్కామె దగ్గర ఆరోగ్యం రొట్టె తీసుకొని, నిన్ను తలుచుకొని నీళ్లలోనే తినేశాను.

వద్దనుకుంటే వద్దని చెప్పు, పెద్దమ్మకు నేను జవాబు చెప్పుకుంటాను. కావాలనుకున్నా కాకపోతుంటే మాత్రం ఆ బాధ ఒక్కదానివే పడొద్దు. అల్లుడు కూడా పరీక్షలు చేయించుకోవాలి, లోపం ఎప్పుడూ ఆడవాళ్లదే కాదు.

నిమ్మకాయ ఊరగాయ బస్సులో పంపుతున్నా, తడి గరిటె పెట్టొద్దు. ఆదివారం రెండు దాటాక నాయన పడుకుంటాడు. అప్పుడు చెయ్యి.

అమ్మ