తోలుబొమ్మ వెనక దీపం ఉండాలి

సంపాదకుడి గారికి నమస్కారం.

మా ప్రాంతంలోని ఒక కళాశాలలో చిత్రకళ చదువుతున్న పిల్లలు లేపాక్షికి, తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంటకు వెళ్లి, అక్కడ గీసినవాటినీ నేర్చుకున్నవాటినీ కళాశాల హాల్లో ప్రదర్శనకు పెట్టారు. బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఆసక్తిగా వెళ్లి చూశాను. పిల్లల పని చూస్తే కడుపు నిండింది. ఆ పని నలుగురికీ చేరాల్సినట్టుగా చేరలేదన్న బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది చిత్రాలు 16వ శతాబ్దానివి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి అది. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసేవాళ్లు, నంది దగ్గర ఫొటో దిగేవాళ్లు చాలామందే గానీ, తలెత్తి పైకప్పు చూసేవాళ్లు తక్కువ. ఈ పిల్లలు మెడలు పట్టేసేదాకా చూశారు. కిరాతార్జునీయ ఘట్టాన్నీ, ఆడవాళ్ల చీరల అంచుల్నీ, మగవాళ్ల తలపాగాల్నీ ఓపిగ్గా కాగితం మీదికి దించారు. ఒకమ్మాయి వేసిన నకలు దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. సున్నపు పూత పెచ్చులూడిన చోట సొంత ఊహతో రంగు నింపకుండా, ఆ ఖాళీని ఉన్నదున్నట్టు వదిలేసింది. పక్కనే ఇంకొకరు ముఖం చెరిగిపోయిన బొమ్మకు చక్కటి ముఖం పెట్టారు. కంటికి రెండోదే బాగుంటుంది. కానీ యాభై ఏళ్ల తర్వాత ఆ పైకప్పు ఎంత దెబ్బతిన్నదో పోల్చి చూసుకోవడానికి పనికొచ్చేది మొదటిదే. ఈ తేడా చెప్పే వాక్యం గోడమీద ఒక్కటీ లేదు. ఉన్న చీటీలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. హాలు ఊడుస్తున్న ఆవిడ ఆ బొమ్మల్ని తదేకంగా చూసి, "ఇది ఏం కథమ్మా?" అని నన్ను అడిగింది. అర్జునుడూ శివుడూ ఒకే పంది కోసం కొట్లాడారని చెప్పగానే చీపురు పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచీ చూసుకుంటూ వచ్చింది.

తోలుబొమ్మల విషయంలో లోటు ఇంకా పెద్దది. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి ఆరబెట్టి పలచటి పొరలా తయారుచేసేది వెలుతురు అందులోంచి రావాలనే. నగలున్న చోటల్లా ఉలితో చుక్కలు చుక్కలుగా రంధ్రాలు కొట్టేదీ అందుకే. అలాంటి బొమ్మల్ని గోడకు ఆనించి మేకులు కొట్టి, ఎదుట ట్యూబులైటు వేశారు. ఎర్రరంగంతా ఎండిన మరకలా కనిపించింది. ఒక కుర్రాడు హనుమంతుడి బొమ్మను ఊడదీసి కిటికీకి అడ్డంగా పట్టుకుంటే కిరీటం ఒక్కసారిగా భగ్గుమంది. తెల్ల పంచె ఒకటి తెరగా కట్టి వెనక బల్బు పెట్టడానికి ఎంతవుతుంది?

బొమ్మల కింద విద్యార్థుల పేర్లున్నాయి, అధ్యాపకుల పేర్లున్నాయి. ఉలి పట్టడం నేర్పిన కళాకారులకు మాత్రం "స్థానిక కళాకారుల సహకారంతో" అని ఒక్క మాటతో సరిపెట్టారు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట అనే ఆ చిన్న ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారిని 2020లో పద్మశ్రీ వరించింది. తెర వెనక రామాయణం ఆడించిన కుటుంబాలు ఇప్పుడు తోలుతో దీపాల షేడ్లు చేసి అమ్ముకుంటున్నాయి. పని మానుకుని పిల్లల పక్కన కూర్చున్నవాళ్ల పేరు రాయకపోవడం అన్యాయం.

నా అసలు విన్నపం, ఈ ప్రదర్శన ఆ ఊళ్లకే వెళ్లాలి. నిమ్మలకుంట బడిలో ఒక్కరోజు పెట్టినా, నేర్పినవాళ్లే వచ్చి కీలు ఎక్కడ తప్పు కట్టారో, రంగు ఎక్కడ చిక్కనైందో వేలు పెట్టి చూపిస్తారు. మార్కులు వేసేవారి కంటికి అవి ఆనవు. అక్కడి పిల్లలు కూడా తమ ఇంటి పనిని ఎక్కడినుంచో వచ్చినవాళ్లు ఎంత శ్రద్ధగా నేర్చుకున్నారో చూస్తారు. లేపాక్షి గుడి, నంది 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. అక్కడికి వచ్చే యాత్రికులకు పైకప్పు నకళ్లు కళ్లెదుట కనిపిస్తే, వాళ్లూ తలెత్తి చూస్తారు. చిరిగిపోయిన తోలు, పాడైన మొదటి ప్రయత్నాలు కూడా దాచకుండా పెట్టాలి. ఈ ప్రదర్శనలో అవి ఒక్కటీ లేవు, ఆ పని ఎంత కష్టమో చూసేవాళ్లకు తెలిసేది వాటివల్లే.

హాలు కళాశాల వేళల్లోనే తెరిచారు, ఆదివారం మూసేశారు. కూలికి వెళ్లేవాళ్లు, బడిపిల్లలు ఎప్పుడు చూడాలి? ఆవరణలో వీలుకాకపోతే ఊళ్లోని గ్రంథాలయంలో సాయంత్రాలు పెట్టవచ్చు. ఇలాంటి ప్రదర్శనల తేదీ, వేళ, నేర్పిన కళాకారుల పేర్లతో సహా మీ జిల్లా పేజీలో ముందుగానే ప్రచురించమని కోరుతున్నాను.

ఇట్లు
ఒక విశ్రాంత డ్రాయింగ్ టీచర్
హిందూపురం